బెర్లిన్‌లో ఉన్న టెండగురు డైనోసార్ ఎవరిది? టాంజానియాకు ఇచ్చేయాలా?

గోదారిగట్టు:
బెర్లిన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోకి వెళ్తే ఎదురుగా కనిపించే పొడుగు మెడ అస్థిపంజరం ఎత్తు 13.27 మీటర్లు. దాన్ని అక్కడ నిలబెట్టింది 1937లో. ఎముకలు దొరికింది మాత్రం టాంజానియా దక్షిణాన ఉన్న టెండగురు గుట్ట దగ్గర, 1909-1913 మధ్య తవ్వకాల్లో. అప్పుడది జర్మన్ల వలస రాజ్యం. 1914లో జర్మన్ శాస్త్రవేత్త వెర్నర్ యానెన్ష్ దీనికి బ్రాకియోసారస్ బ్రాంకై అని పేరు పెట్టాడు. ఇప్పుడు జిరాఫటైటన్ అంటున్నారు. నా ఉద్దేశం సూటిగా చెప్తాను: ఎక్కడివి అక్కడికి ఇచ్చేయాలి. మీరేమంటారు?

భూగర్భం మాస్టారు:
ఆవేశం పక్కన పెడదాం బాబూ. డబ్బు పెట్టింది, మనుషుల్ని పంపింది, పాతికేళ్లు కూర్చుని ఎముకకు ఎముక అతికించింది వాళ్లు. పైగా అది ఒక్క జంతువు కూడా కాదు, వేర్వేరు గుంటల్లో దొరికినవి కలిపి నిలబెట్టారు. పుర్రె నమూనా. ఇప్పుడు విప్పి ఓడెక్కిస్తే ఎన్ని విరుగుతాయో! వాళ్లు తవ్వకపోతే వానకు, ఎండకు మట్టిలో కలిసిపోయేవి.

ఎర్రమట్టి:
మాస్టారూ, "వాళ్లు తవ్వారు" అన్నారు కదా, ఆ వాళ్లెవరో కాస్త చూద్దాం. 1906లో సాట్లర్ అనే ఇంజనీరుకు ఆ ఎముకలు కంటబడ్డాయి, 1907లో ఫ్రాస్ వచ్చి చూశాడు, తర్వాత యానెన్ష్, హెన్నిగ్. పుస్తకాల్లో ఈ పేర్లే ఉంటాయి. గుంటల్లో దిగినవాళ్లు మాత్రం స్థానికులు, ఒక్కో సీజన్‌లో వందల మంది. ప్లాస్టర్ సరిపడా లేకపోతే వెదురు కోసి, పుల్లలు ఎముక చుట్టూ వరసగా పేర్చి, తాళ్లతో బిగించి, బంకమట్టి మెత్తి మూటలు కట్టింది వాళ్లే. ఆ మూటలు నెత్తిన పెట్టుకుని, బరువైనవి కర్రకు కట్టి భుజాల మీద మోసుకుని, నాలుగు రోజులు నడిచి లిండీ రేవుకు చేర్చారు. దారిలో బండి లేదు, రైలు లేదు. అలా 200 టన్నులకు పైగా వెళ్లాయి!

ఇంకో సంగతి. ఇదంతా జర్మన్ పాలన మీద అక్కడివాళ్లు చేసిన మాజీ మాజీ తిరుగుబాటు (1905-1907) అణచివేశాక రెండేళ్లకే. పంటలు తగలబెట్టి కరువు తెచ్చిన యుద్ధం అది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 75,000 అంటారు, 3 లక్షలన్న అంచనా కూడా ఉంది. ఆ తర్వాత కూలికి రమ్మంటే "రాను" అనగలిగే మనిషి ఎవరండీ?

పేర్ల సంగతి చూడండి. అక్కడ దొరికిన ఒక చిన్న డైనోసార్‌కు 1919లో డిసలోటోసారస్ లెట్టోవోర్బెకీ అని వలస సైన్యాధిపతి పేరు పెట్టారు. తవ్వకాల్లో ముఖ్య మేస్త్రీ బొహెటి బిన్ అమ్రానీ పేరు ఆస్ట్రలోడోకస్ బొహెటి అనే మరో డైనోసార్‌కు దక్కింది ఎప్పుడో తెలుసా? 2007లో.

భూగర్భం మాస్టారు:
కష్టం ఎవరిదో నేను కాదనలేదమ్మా. ఎక్కడ భద్రంగా ఉంటాయన్నదే నా ప్రశ్న.

గోదారిగట్టు:
భద్రతా? స్పైనోసారస్ అనే డైనోసార్ గుర్తుందా మాస్టారూ? 1912లో ఈజిప్టు బహారియాలో దొరికింది, 1915లో జర్మన్ శాస్త్రవేత్త స్ట్రోమర్ పేరు పెట్టాడు. మ్యూనిక్‌లో ఉంచారు. యుద్ధం వచ్చాక ఎముకలు వేరే చోటికి తరలించమని స్ట్రోమర్ మొత్తుకున్నా మ్యూజియం పెద్ద వినలేదు. 1944 ఏప్రిల్‌లో బాంబులు పడి బుగ్గి అయ్యాయి. మిగిలినవి బొమ్మలు, ఫొటోలు.

భూగర్భం మాస్టారు:
మరి మన దగ్గర? జబల్‌పూర్‌లో దొరికిన డైనోసార్ ఎముకలకు 1923లో మాట్లీ లమేటాసారస్ అని పేరు పెట్టాడు. అసలు ఎముకలు ఇప్పుడు ఎక్కడున్నాయో చెప్పండి చూద్దాం. మన మీద బాంబులేమీ పడలేదే.

ఎర్రమట్టి:
😀 అది మాత్రం నిజం.

బెర్లిన్ తెలుగోణ్ణి:
నేను ఈ ఊళ్లోనే ఉంటాను, ఆ హాల్లోకి పిల్లల్ని తీసుకెళ్తుంటాను. మీ ఇద్దరి వాదనలోనూ టాంజానియా ఏమంటోందో లేదు. అక్కడి పార్లమెంటులో కొందరు తిరిగి ఇవ్వమని అడిగారు. కానీ 2018లో జర్మన్ విదేశాంగ మంత్రి వెళ్లినప్పుడు వాళ్ల మంత్రి అస్థిపంజరం కోసం పట్టుబట్టలేదు, తవ్వకాలకు, మ్యూజియానికి సాయం చేయమన్నాడు. మనం వాళ్లకంటే ఎక్కువ ఆవేశపడుతున్నామేమో.

గోదారిగట్టు:
బలమైనవాడి దగ్గర అడగలేక సర్దుకోవడాన్ని ఒప్పుకోవడం అనకండి బ్రదర్.

ప్రాణహిత:
ఆలస్యంగా వచ్చాను. మనింటి విషయం ఒకటి. తెలంగాణలోని యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ (1988లో పేరు పెట్టారు) హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. మనకది గర్వమే, నాకూ గర్వమే. దేశం దాటలేదు కాబట్టి బెర్లిన్‌తో సమానం కాదు, ఒప్పుకుంటా. కానీ యామనపల్లి పిల్లాడు దాన్ని చూడాలంటే బస్సెక్కాల్సిందే కదా. లిండీ పిల్లాడికి వీసా కావాలి.

బెర్లిన్ తెలుగోణ్ణి:
అందుకే అస్థిపంజరం గొడవ కాసేపు ఆపి ఇది ఆలోచించండి. ఆ వెదురు మూటల్లో కొన్ని వందేళ్లు దాటినా విప్పకుండానే ఇక్కడి స్టోర్‌లో ఉండిపోయాయి. వాటిని విప్పే పని దార్ ఎస్ సలాం కుర్రాళ్లకు నేర్పి, వాళ్ల చేతనే విప్పించి, అందులో ఉన్నవి అక్కడే ఉంచుకోమంటే? దీనికి మాస్టారి అభ్యంతరం ఏమిటో చెప్పాలి.

భూగర్భం మాస్టారు:
దానికి అభ్యంతరం లేదు. డబ్బు బెర్లినే పెట్టాలి, స్టోర్ కట్టడంతో సహా.

గోదారిగట్టు:
పెట్టాలి. ఆ తర్వాత పెద్దదాని సంగతి కూడా అడుగుతాం మాస్టారూ, వదలం.