ఛెత్రి తర్వాత మనకు నంబర్ నైన్ ఎందుకు లేడు? తప్పు విదేశీ స్ట్రైకర్లదేనా?

కోరమంగళ కిరణ్:

ఆఫీసు క్యాంటీన్‌లో మొదలైన గొడవ అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నా. నంబర్ నైన్ అంటే ముందు వరుసలో మధ్యన ఆడి గోల్స్ కొట్టే స్ట్రైకర్. బెంగళూరులో ఫుట్‌బాల్ చూసే తెలుగువాళ్ళు ఎలాగూ ఇక్కడే ఉన్నారు కదా.

2014లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదలైంది. అప్పటి నుంచి 2025 వరకు ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికి కూడా రాలేదు. కోరో, ఒగ్బెచె, డియమంటకోస్, అందరూ బయటివాళ్ళే. 2024-25లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ తరఫున అజారై 23 గోల్స్ కొట్టాడు. మనవాళ్ళలో ఎక్కువ కొట్టింది ఎవరు? 14 గోల్స్‌తో నలభై ఏళ్ళ సునీల్ ఛెత్రి. అంతకు ముందే దేశం జట్టు నుంచి రిటైర్ అయిన మనిషి! ఇంతకంటే సిగ్గుచేటు ఏముంటుంది?

2021-22 నుంచి మైదానంలో ఒక్కో జట్టుకు నలుగురు విదేశీయులే ఉండాలన్నారు. బాగానే ఉంది. కానీ ఆ నలుగురిలో ఒకడు ఎప్పుడు చూసినా ముందు వరుసలోనే. కాబట్టి మూడేళ్ళ పాటు స్ట్రైకర్ స్థానంలో విదేశీయుడిని ఆడించకూడదని రూలు పెట్టాలి. కాదనేవాళ్ళు కారణం చెప్పండి. తిట్లు మాత్రం వద్దు.

వెస్ట్‌బ్లాక్ వాసు:

కిరణ్ బ్రదర్, విదేశీ స్ట్రైకర్లు ఐఎస్‌ఎల్‌తోనే దిగినట్టు మాట్లాడుతున్నారు. కోల్‌కతాలో నైజీరియా స్ట్రైకర్ చీమా ఒకోరీ ఆడిన రోజుల సంగతేంటి? ఆ తర్వాత మోహన్ బగాన్‌లో బరెటో. ఐఎస్‌ఎల్‌కు ముందున్న ఐ-లీగ్‌లో ఒడాఫా, రాంటీ మార్టిన్స్ ఏళ్ళ తరబడి గోల్స్ గుట్టలు పోశారు. మన స్ట్రైకర్లు విజయన్, భుటియా, ఛెత్రి ముగ్గురూ వీళ్ళ మధ్యనే ఎదిగారు. 1996-97లో మొట్టమొదటి నేషనల్ లీగ్‌లో టాప్ స్కోరర్ జేసీటీ క్లబ్ కుర్రాడు భుటియానే కదా.

జపాన్ సంగతి చూడండి. 1993లో లీగ్ పెట్టినప్పుడు జికో, లినెకర్ లాంటి విదేశీ స్టార్లను తెచ్చుకున్నారు. వాళ్ళ స్ట్రైకర్లేం ఎండిపోలేదు, 1998 నుంచి ప్రతి ప్రపంచ కప్‌లో ఆడుతున్నారు.

మీ రూలు పెడితే జరిగేది ఒక్కటే. ఉన్న నలుగురైదుగురు భారతీయ ఫార్వర్డ్‌ల జీతాలు మూడింతలవుతాయి. పోటీ లేకుండా చోటు దొరికినవాడు ఇంకా ఎందుకు కష్టపడతాడు?

కోరమంగళ కిరణ్:

చీమా కాలంలో ఒక క్లబ్‌లో చోటు దొరకకపోతే ఇంకో పది చోట్ల దొరికేది. కోల్‌కతా లీగ్, గోవా లీగ్, డిపార్ట్‌మెంట్ జట్లు. అప్పుడు వాటికి జనమూ ఉండేవారు, విలువా ఉండేది. ఇప్పుడు ఐఎస్‌ఎల్ బెంచ్ మీద కూర్చున్న ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఆ బెంచే దిక్కు. ఈ తేడా చూడకుండా జపాన్ దాకా ఎందుకు వెళ్ళడం?

ఆస్టిన్‌టౌన్ అన్న:

ఒక మాట. అందరూ నంబర్ నైన్ నంబర్ నైన్ అంటున్నారు. ఛెత్రి చొక్కా మీద ఉండేది 11.

ఇది ఊరికే అనడం లేదు. బెంగళూరు ఎఫ్‌సీ 2017లో ఐఎస్‌ఎల్‌లోకి వచ్చినప్పుడు మధ్యలో ఆడింది మికూ అనే వెనిజులా మనిషి. ఛెత్రిని ఎక్కువగా ఎడమవైపు ఆడించేవారు. ఆ సీజన్‌లో మికూ 15 కొడితే ఛెత్రి 14 కొట్టాడు. కంఠీరవ స్టేడియంలో చాలా మ్యాచ్‌లు చూశాను. బంతి కుడివైపు ఉన్నంతసేపూ ఛెత్రి ఎడమ గీత దగ్గర ఏమీ పట్టనట్టు నిలబడేవాడు. క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) లేవడానికి ఒక్క క్షణం ముందు బ్యాక్ (ఎదుటి డిఫెండర్) వీపు వెనక నుంచి లోపలికి దూరేవాడు. బ్యాక్ బంతినే చూస్తూ ఉండేవాడు, ఈయన కంట్లో పడేవాడే కాదు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు, అయినా అన్ని హెడర్ గోల్స్ ఎలా వచ్చాయంటే ఇలాగే.

అంటే దేశంలో అందరికంటే పెద్ద స్ట్రైకర్‌కే సొంత క్లబ్‌లో మధ్య చోటు ఖాయం కాదు. పక్కకు జరిగి, అక్కడ నుంచి దొంగచాటుగా లోపలికి రావడం నేర్చుకున్నాడు. అందరికీ అది చేతకాదు. మిగతావాళ్ళు పక్కకు జరిగి పక్కనే ఉండిపోయారు. ఇవాళ మన జట్టులో మంచి వింగర్లు (పక్కల నుంచి ఆడేవాళ్ళు) ఉన్నారు, స్ట్రైకర్ లేడంటే ఇదే సంగతి.

నేనూ ఒకప్పుడు స్ట్రైకర్‌నే. ఒక ప్రభుత్వ సంస్థ జట్టులో ఆడాను, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. పొద్దున ప్రాక్టీసు, పది తర్వాత సీటులో రిజిస్టర్లు. అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో అప్పటికి కృత్రిమ టర్ఫ్ లేదు. వాన పడితే గోల్ ముందు బాక్స్ అంతా బురద, బంతి ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి. వరసగా ఎన్నో మ్యాచ్‌లు గోల్ లేకుండా ఆడిన రోజులున్నాయి. నన్ను ఎవరూ తీసెయ్యలేదు, ఎందుకంటే నాకు బదులు ఆడేవాడు ఇంకొకడు లేడు!

హెబ్బాళ్ అమ్మ:

నమస్కారం అండి. నేను ఫుట్‌బాల్ పెద్దగా తెలిసిన మనిషిని కాను. మా అబ్బాయికి పదిహేనేళ్ళు, ఒక అకాడమీలో ఆడుతున్నాడు. అన్నగారు చెప్పింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మావాడు స్ట్రైకర్. ఒక శనివారం మ్యాచ్‌లో కార్నర్ కొట్టారు, బంతి ఎవరి తలకో తగిలి వీడి కాళ్ళ ముందు పడింది. ఎదురుగా గోల్‌కీపర్ కింద పడి ఉన్నాడు. వీడు గట్టిగా తన్నాడు, బంతి బార్ మీదుగా నెట్ దాటి పార్కింగ్‌లోకి పోయింది. కోచ్ గీత పక్కన నుంచి ఏమన్నారో ఇక్కడ రాయలేను. వెంటనే వీడిని తీసేసి, వయసుకు మించి ఎదిగిన ఒక పొడుగు అబ్బాయిని దింపారు. ఆ అబ్బాయి భుజంతో అందరినీ తోసి రెండు గోల్స్ కొట్టాడు, కప్పు వచ్చింది, అందరూ ఫోటోలు దిగారు.

ఆ తర్వాత మావాడిని రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) చేశారు, పరుగు బాగుందని. అది కాదండి నా బాధ. ఇప్పుడు బాక్స్ దగ్గర బంతి దొరికినా వాడు గోల్ వైపు చూడడం లేదు, పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. ఇంట్లో అడిగితే "సేఫ్ అమ్మా" అన్నాడు.

వచ్చే ఏడాది టెన్త్. అసలు దీన్ని నమ్ముకోవచ్చా? అదే నా టెన్షన్.

లెక్కల లావణ్య:

మేడమ్ రాసిన దాంట్లోనే జవాబు ఉంది, కిరణ్ గారి రూలులో లేదు. ఆ మైదానంలో విదేశీయుడు ఎవరున్నారు? పదిహేనేళ్ళకే గోల్ వైపు చూడడం మానేసిన పిల్లాడికి ఇరవై రెండేళ్ళకు ఐఎస్‌ఎల్‌లో చోటు ఇచ్చినా ఏం చేస్తాడు?

ఇక దేశం జట్టు లెక్క చెప్తాను. ఛెత్రి 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0 ఆడి రిటైర్ అయ్యాడు, అప్పటికి 94 గోల్స్. ఆ ఏడాది అతను లేకుండా మనం ఆడిన మ్యాచ్‌లు ఇవి: ఖతార్ చేతిలో 1-2, మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3, వియత్నాంతో 1-1, మలేసియాతో 1-1. అయిదు మ్యాచ్‌ల్లో మూడు గోల్స్. కొట్టింది చాంగ్తె, ఫారూఖ్, రాహుల్ భేకె. మొదటి ఇద్దరూ వింగర్లు, మూడోవాడు డిఫెండర్!

ఇందులో మూడు మ్యాచ్‌లు మన గచ్చిబౌలిలోనే జరిగాయి. సిరియా మ్యాచ్‌కి బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కి వెళ్ళాను. మనవాళ్ళు వింగ్‌లో చక్కగా బంతి తీసుకెళ్ళి క్రాస్ వేస్తారు, బాక్స్‌లో అందుకునేవాడు ఉండడు. మళ్ళీ వెనక్కి, మళ్ళీ క్రాస్. ఇదే సరిపోయింది ఆ సాయంత్రం.

వెస్ట్‌బ్లాక్ వాసు:

అందుకే కదా 2025 మార్చిలో ఛెత్రిని బతిమాలి వెనక్కి పిలిచారు. మాల్దీవులపై 3-0, అందులో ఒకటి ఆయనది, 95వ గోల్. నేను ఆయన వీరాభిమానిని, అయినా చెప్తున్నా, ఆ పిలుపు తప్పు. ఆయన వచ్చాడు సరే, ఆ వెంటనే బంగ్లాదేశ్‌తో 0-0, జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓటమి, అక్టోబరులో మన మడ్గావ్‌లోనే సింగపూర్ చేతిలో 1-2. ఆసియా కప్ అర్హత పోయింది. ఎలాగూ పోయేదే అయితే ఆ నిమిషాలు ఒక కుర్రాడికి ఇచ్చి పోగొట్టుకోవాల్సింది.

సికింద్రాబాద్ సుబ్బారావు:

వాసూ, ఓడిపోయాక అందరూ ఇలాగే అంటారు. గెలిచి ఉంటే ఆయనకు పాలాభిషేకం చేసేవాడివి నువ్వే.

ఛెత్రి పుట్టింది మా సికింద్రాబాద్‌లో, 1984లో. తండ్రి సైన్యంలో ఉండేవారు. తల్లి, పిన్ని కవలలు, ఇద్దరూ నేపాల్ మహిళల జట్టుకు ఆడారు. అంతకు ముందు తరంలో మా అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వచ్చాడు. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, రెండు జట్లలోనూ ఉన్నాడు. ఆ జట్లకు కోచ్ మన రహీం సాబ్. తర్వాత షబ్బీర్ అలీ. ఒకే ఊరు ఇంతమంది ఫార్వర్డ్‌లను ఇచ్చి ఆగిపోయింది. అక్కడ విదేశీయులు వచ్చి ఎవరి చోటూ లాక్కోలేదయ్యా, మైదానాలే పోయాయి.

ఆస్టిన్‌టౌన్ అన్న:

హెబ్బాళ్ అమ్మగారికి సూటిగా చెప్తాను, నొచ్చుకోవద్దు.

చదువు ఆపించకండి. ఛెత్రి లాంటివాడికే దారి ఎలా ఉందో చూడండి. 2009లో ఇంగ్లండ్‌లో క్యూపీఆర్ క్లబ్‌తో ఒప్పందం కుదిరింది, మన దేశం ర్యాంకు చాలదని వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. 2010లో అమెరికాలో కాన్సాస్ సిటీకి వెళ్తే ఆడించింది బహు తక్కువ. 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రెండో జట్టు, అక్కడా కొద్ది మ్యాచ్‌లే. మూడు దేశాల గుమ్మాలు తొక్కి 2013లో బెంగళూరు వచ్చి పడ్డాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళు. అసలు ఆట అప్పుడు మొదలైంది. అదే సీజన్‌లో ఐ-లీగ్ కప్పు.

జేజే లాల్‌పెఖ్లువా సంగతి ఇంకో రకం. నికార్సయిన నంబర్ నైన్, దేశానికి ఇరవైకి పైగా గోల్స్. మోకాలు దెబ్బతింది, ముప్పై ఏళ్ళకే ఆట అయిపోయింది. ఇప్పుడు మిజోరంలో ఎమ్మెల్యే. అందరికీ ఆ అదృష్టం ఉండదు కదా. 2025 ఆగస్టులో లీగ్ జరుగుతుందో లేదో తెలియక మన బెంగళూరు ఎఫ్‌సీయే మొదటి జట్టు ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద క్లబ్ పరిస్థితే అది. నా రోజుల్లో జీతం ఒకటో తారీఖున పడేది, తక్కువే అనుకోండి.

బాబు విషయానికొస్తే, రైట్ బ్యాక్ ఆడనివ్వండి, తప్పులేదు, ఆట తెలుస్తుంది. కానీ వారానికి ఒకరోజైనా కప్పులూ కోచ్‌లూ లేని చోట ముందు వరుసలో ఆడాలి. గౌతమ్‌పురాలో, మా ఆస్టిన్ టౌన్‌లో సాయంత్రం ఎవరైనా దిగొచ్చు. అక్కడ పది తన్ని తొమ్మిది బయటికి కొట్టినా పదకొండోది కూడా వాడే తన్నొచ్చు. నవ్వుతారు, అంతే. స్ట్రైకర్‌కి ముందు రావాల్సింది సిగ్గు లేకపోవడం.

హెబ్బాళ్ అమ్మ:

థాంక్స్ అన్నగారూ. చదువు ఆపే ఉద్దేశం లేదులెండి, వాళ్ళ నాన్నగారు ఊరుకోరు. కోచ్ గారితో కూడా ఒకసారి మాట్లాడతాను, కానీ వినే మనిషిలా లేరు.

లెక్కల లావణ్య:

అన్నగారి మాటకు ఇంకో ఉదాహరణ. 2010లో జాతీయ ఫుట్‌బాల్ ఫెడరేషన్ కుర్రాళ్ళతో ఆరోస్ అనే జట్టు కట్టి ఐ-లీగ్‌లో ఆడించింది. అందులో విదేశీయులు లేరు, ఓడినా లీగ్ నుంచి దించేది లేదు. ఆ జట్టు తొలి సీజన్‌లో జేజే అక్కడే గోల్స్ కొట్టి పైకొచ్చాడు. రూలుతో పని లేకుండా చోటు ఇవ్వడమంటే అది.

వెస్ట్‌బ్లాక్ వాసు:

ఆ జట్టును 2022లో మూసేశారు కదా లావణ్య గారూ. ఇంకోటి అడుగుతా. రాష్ట్ర జట్లు ఆడే సంతోష్ ట్రోఫీలో విదేశీయులు ఉండరు. 2023లో మన కర్ణాటక రియాద్‌లో మేఘాలయను 3-2తో ఓడించి 54 ఏళ్ళ తర్వాత కప్పు తెచ్చింది. ఆ జట్టు ఫార్వర్డ్‌ల పేర్లు ఇక్కడ ఎంతమంది చెప్పగలరు? చోటు ఇచ్చినా మనం చూడం, అదీ అసలు రోగం.

కోరమంగళ కిరణ్:

చుట్టూ తిరిగి నా దగ్గరికే వస్తున్నారు. ఆడనివ్వాలి, గురి తప్పినా భరించాలి అని అందరూ అంటున్నారు. భరించేది ఎవరు? మూడు మ్యాచ్‌లు ఓడితే ఉద్యోగం ఊడే కోచ్ భరించడు. హెబ్బాళ్ అమ్మగారి కోచ్ పదిహేనేళ్ళ పిల్లల కప్పు కోసమే భరించలేదు. కోట్లు పెట్టిన ఓనర్ అసలే భరించడు. తనంతట తాను ఎవరూ చేయని పనికే కదా రూలు కావాల్సింది? ఐఎస్‌ఎల్‌లో కుదరదంటారా, కనీసం అండర్-17 వరకు కప్పులు తీసేసి మ్యాచ్‌లు మాత్రమే పెట్టమనండి, దానికైనా ఒప్పుకుంటారా?

వెస్ట్‌బ్లాక్ వాసు:

పిల్లల కప్పులు తీసెయ్యడానికి నా ఓటు మీకే. ఐఎస్‌ఎల్ రూలుకు మాత్రం చస్తే ఒప్పుకోను. మీరు స్ట్రైకర్‌గా విదేశీయుడు వద్దంటే, మన కోచ్‌లు ఒక బ్రెజిల్ మిడ్‌ఫీల్డర్‌ని తెచ్చి ఫాల్స్ నైన్ (స్ట్రైకర్ చోట ఆడే మిడ్‌ఫీల్డర్) అని పేరు పెట్టి అక్కడే నిలబెడతారు. రిఫరీ వెళ్ళి నువ్వు ఫాల్సా నిజమా అని అడుగుతాడా?