స్పిల్ పెంచితే నిచ్చెన ద్వారం దగ్గరే ఆగిపోతున్న సాల్మన్: గేట్లు ఎలా తెరవాలి?

ఉత్తర అమెరికాలోని కొలంబియా నదికి ఉపనదిపై మా డ్యామ్. ఏప్రిల్, మే నెలల్లో పిల్ల చేపలు క్షేమంగా కిందికి దిగాలని స్పిల్ (టర్బైన్లకు పంపకుండా గేట్ల నుంచి నేరుగా వదిలే నీరు) పెంచుతాం. మొత్తం ప్రవాహంలో అది 30 శాతం దాటితే చాలు, ఎదురీదే చినూక్ సాల్మన్ చేపలు, డ్యామ్ దాటడానికి వాటికోసం కట్టిన మెట్ల కాలువ అయిన నిచ్చెన ద్వారం దాకా వచ్చి వెనుదిరుగుతున్నాయి. రాత్రి స్పిల్ తగ్గిస్తే తెల్లారాక బిలబిలా ఎక్కేస్తున్నాయి.

నిచ్చెనలో లోపం లేదు. ద్వారం లోపలికీ బయటికీ నీటిమట్టం తేడా 1.5 అడుగులు, అడ్డుగోడల మీద పారే నీరు 1 అడుగు, కాలువలో వేగం సెకనుకు 2 అడుగులు. జలాశయానికీ నిచ్చెనకూ ఉష్ణోగ్రత తేడా 1 డిగ్రీ సెల్సియస్ లోపే.

ద్వారం ముందు నారింజపండ్లు వదిలి చూశాం. దిగువకు పోవాల్సినవి గుండ్రంగా తిరిగి డ్యామ్ గోడకే వచ్చి తగిలాయి. అంటే సుడి. నిచ్చెన నుంచి వచ్చే ధారను అది మింగేస్తోంది, చేపకు దారి చెప్పేదే ఆ ధార. స్నేక్ నదిపై లిటిల్ గూస్ డ్యామ్‌లోనూ ఇదే ఇబ్బంది.

నిచ్చెన పక్క గేటు మూస్తే సుడి ఇంకా పెరిగింది. దూరపు గేట్ల నుంచే వదిలితే నీటిలో కరిగిన వాయువులు సంతృప్త స్థాయిలో 125 శాతం దాటాయి, అది చేపలకు ప్రమాదం. నిచ్చెన పక్క టర్బైన్‌ను ముందు నడిపితే కొంత నయం, కానీ చాలలేదు.

మొత్తం స్పిల్ తగ్గించకుండా ఈ సుడి విరగాలంటే, నిచ్చెన వైపు గేట్లను మిగతావాటితో పోలిస్తే ఎంత మేర తెరవాలి?