ఏఎస్‌ఎల్ విమానదాడి: సైటింగ్ చెక్ ఒక్కసారేనా, ప్రతి గురికీ వేయాలా?

పాచికలరాజు: నిన్న మా ఏఎస్‌ఎల్ ఆట (అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్, రెండో ప్రపంచయుద్ధపు బల్ల ఆట) మధ్యలో ఆగిపోయింది. అడవి అంచున ఉన్న జర్మన్ ట్యాంకు పాంథర్‌పై నా టైఫూన్ (రాకెట్లు వేసే బ్రిటిష్ విమానం) సైటింగ్ చెక్, అంటే గురి కనబడిందో లేదో తేల్చే పాచిక, తప్పింది. పక్క హెక్సు (బోర్డు మీది ఆరు మూలల గడి)లోనే జర్మన్ పదాతిదళం ఆరుబయట ఉంది. దాని మీదికి మళ్లుతానంటే ప్రత్యర్థి ఒప్పుకోలేదు. రెండో సందేహం: అతని విమాన విధ్వంసక తుపాకీ నా దాడికి ముందు కాల్చాలా, తర్వాతా?

గోదారిగట్టు: ప్రత్యర్థి మాటే సబబు. ఆటలో టర్ను అంటే యుద్ధంలో రెండు నిమిషాలు. ఒక గురి తప్పాక పైకి లేచి, తిరిగి వచ్చి ఇంకొకటి వెతికే వ్యవధి పైలట్‌కు ఎక్కడుంది?

ఉక్కునగరం: గడియారం చూసి నిబంధనలు చదవకండి. రాసి ఉన్నదే నిబంధన, నిబంధనల పుస్తకంలో ‘ఇ’ (E) అధ్యాయం, విమానాల గురించిన ఏడో విభాగం మొత్తం చదవండి. నా కోపమంతా పొరపాటు దాడి నిబంధన మీద. మొన్నటి పోటీలో నా విమానం నా దళాన్నే కొట్టింది, చేతికొచ్చిన ఆట పోయింది. దాన్ని తీసేసి ఆడాలి.

నార్మండీ44: తీసేస్తారా? 1944 జులై 25న ఫ్రాన్స్‌లో ఆపరేషన్ కోబ్రా అనే దాడిలో అమెరికా బాంబులు అమెరికా సైనికుల మీదే పడ్డాయి. 111 మంది చనిపోయారు, వారిలో లెఫ్టినెంట్ జనరల్ మెక్‌నెయిర్ ఒకరు. ఆ నిబంధన లేకపోతే విమానం భయం లేని ఆయుధమైపోతుంది.

ఉక్కునగరం: అక్కడ ప్రాణాలు తీసింది ఎక్కువగా ఎత్తు నుంచి బాంబులు వదిలిన భారీ విమానాలు. మన బల్ల మీద ఉన్నది చెట్ల మీదుగా దూకే ఫైటర్ బాంబర్. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

నార్మండీ44: అయితే టైఫూన్ సంగతే మాట్లాడదాం. అదే ఏడాది ఆగస్టు 7న ఫ్రాన్స్‌లోనే మోర్టెన్ దగ్గర పొగమంచు విడిచాక మధ్యాహ్నం నుంచి దాడి చేశాయి. వందకు పైగా ట్యాంకులు కొట్టామన్నారు. తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే దొరికినవి స్వయంచాలిత ఫిరంగులతో కలిపి 46, అందులో విమానాలు కొట్టినవి 9. ఆటలో రాకెట్లు ఇప్పటికే అతిగా తగులుతున్నాయి, మళ్లీ రెండో గురి కూడానా?

గోదారిగట్టు: ఆ తొమ్మిదే చెప్పి ఊరుకుంటే ఎలా? దెబ్బ తగలకుండానే సిబ్బంది వదిలేసి పారిపోయిన ట్యాంకులు కూడా అక్కడ దొరికాయి. రాకెట్ అసలు పని భయపెట్టడం. ఇనుము చిల్లుపడిందా అని మాత్రమే చూసే వాళ్లకు అది అర్థం కాదు.

నార్మండీ44: నాకు అర్థం కాదని మీరు తేల్చేశారా? నేను ఆ నివేదికల గురించి చదివినంత ఈ చర్చలో ఎవరూ చదివి ఉండరు.

నీలాకాశం: వాయుసేనలో నేల మీద పనిచేసిన వాణ్ణి, ఒక మాట వినండి. గురి కనబడటమే సగం యుద్ధం. 1971 డిసెంబరు 5న రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలాలో మన హంటర్ విమానాలకు రాత్రి దాడి చేసే సాధనాలు లేవు. కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ దళం తెల్లవారేదాకా నిలబడాల్సి వచ్చింది. వెలుగు రాగానే ఇసుకలో పాకిస్తాన్ ట్యాంకుల జాడలే దారి చూపాయి. దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. పాంథర్‌కు ఆ అడవి అంచు దొరికింది కాబట్టే మీ చెక్ తప్పింది, అది న్యాయమే.

కొత్తహెక్సు: లోంగేవాలా పోరును ఆటగా మలిచిన సినారియో ఎవరైనా తయారు చేశారా? ఎడారి బోర్డులు నా దగ్గరున్నాయి.

నీలాకాశం: కౌంటర్లు (దళాలను, విమానాలను చూపే అట్టముక్కలు) గీస్తున్నాను. హంటర్ 30 మిల్లీమీటర్ల ఫిరంగులకు ఎంత బలం ఇవ్వాలన్న దగ్గరే ఆగింది.

పాచికలరాజు: అందరికీ నమస్కారం, నా రెండో ప్రశ్న అలాగే ఉంది. తుపాకీ ముందా, బాంబు ముందా?

గోదారిగట్టు: మా బల్ల దగ్గర తుపాకీదే మొదటి అవకాశం. విమానం గురి వైపు దిగుతున్నప్పుడే కాల్చాలి, బతికితేనే దాడి పాచికలు. ఆట మొదలయ్యే ముందే ఇద్దరూ దీన్ని కాగితం మీద రాసుకోండి.

ఉక్కునగరం: అదే కాగితం మీద పొరపాటు దాడి ఉంటుందో లేదో కూడా రాయండి.

నార్మండీ44: ఉంటుంది. దానికి ఒప్పుకోని వారితో నేను బల్ల దగ్గర కూర్చోను.