ఆడకుండా పైన కూర్చున్నవాళ్ళ రేటింగ్ కోయాలా, వద్దా?

#1 పైమెట్టు

చర్చకు పెడుతున్న ప్రశ్న ఇది. ఆన్‌లైన్ ఆటల లాడర్‌లో, అంటే ఆటగాళ్ళను రేటింగ్ వరుసలో నిలిపే పట్టికలో, మొదటి వంద స్థానాల్లోకి చేరగానే కొందరు ర్యాంక్డ్ ఆటలు (రేటింగ్‌ను మార్చేవి) మానేస్తారు. సీజన్ ముగిసేదాకా ఆ అంకె అలాగే నిలబడుతుంది. కింద నుంచి ఎక్కేవాళ్ళు రోజూ ఓటమి భయంతో ఆడాలి, పైనున్నవాళ్ళకు ఆ భయమే లేదు. రెండు వారాలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోతే ఆ తర్వాత రోజుకు ఇన్ని పాయింట్లని కోత పెట్టాలన్నది నా పక్షం.

ర్యాంకు చెప్పాల్సింది ఇప్పటి బలం. ప్యాచ్ (ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్) వచ్చి బ్యాలెన్స్ మారితే, పాత ప్యాచ్‌లో గెలిపించిన ఎత్తులు కొత్తదానిలో పనికిరాకపోవచ్చు. పైగా ఇదేమీ కొత్త ఆలోచన కాదు. పోకెమాన్ షోడౌన్ అనే ఆన్‌లైన్ పోరాట ఆట లాడర్‌లో 1400 పైనున్న ఈలో (గెలుపోటములను బట్టి బలాన్ని అంకెలో చెప్పే రేటింగ్), ఆడని రోజుల్లో తనంతట తాను అరుగుతుంది.

#2 సగటులెక్క

కోతతో మొదట దెబ్బతినేది పైన కూర్చున్నవాళ్ళు కాదండి, వాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఎదురుపడేవాళ్ళు. లెక్క వేసి చూపిస్తాను.

ఈలో సూత్రంలో రెండు రేటింగ్‌ల మధ్య తేడా 200 ఉంటే బలవంతుడి సగటు స్కోరు (గెలుపుకు 1, ఓటమికి 0) 0.76. తేడా లేకపోతే 0.50. నిజంగా 2200 బలమున్న ఆటగాడిని కోత 2000కు దించిందనుకుందాం. తిరిగొచ్చాక మ్యాచ్‌మేకింగ్ (జోడీలు కలిపే వ్యవస్థ) అతన్ని 2000 వాళ్ళతోనే కలుపుతుంది. వ్యవస్థ అంచనా 0.50, జరిగేది 0.76. ఒక్క ఆటతో రేటింగ్ గరిష్ఠంగా ఎంత కదలగలదో చెప్పే కె విలువ 32 అయితే, మొదట్లో ఒక్కో ఆటకు ఎదుటివాళ్ళు సగటున 8 పాయింట్లు పోగొట్టుకుంటారు. వాళ్ళ ఆటలో లోపమేమీ లేదు, వాళ్ళ ముందు నిలబెట్టిన అంకె తప్పు.

గుంట తొందరగా పూడదు కూడా. ఎక్కేకొద్దీ తేడా తగ్గుతుంది, లాభమూ తగ్గుతుంది. పోయిన 200లో సగం తిరిగి రావడానికే సుమారు 16 ఆటలు పడతాయి. 20 పాయింట్ల దగ్గరికి చేరాలంటే 50 దాటుతాయి. అన్ని ఆటల్లోనూ అవతల ఒక మనిషి ఉన్నాడు.

ఇంకొకటి. ఈలోలో ఇద్దరి కె సమానమైతే ఒకరికి వచ్చింది మరొకరి నుంచి పోయిందే, మొత్తం మారదు. కోత మాత్రం పాయింట్లను గాలిలో కలిపేస్తుంది. తిరిగొచ్చినవాడు వాటిని మిగతావాళ్ళ దగ్గర నుంచి రాబట్టుకుంటాడు. ఏళ్ళ తరబడి ఇలా సాగితే ఆట తగ్గకపోయినా అందరి అంకెలూ కిందికి జారతాయి.

#3 పైమెట్టు

తిరిగొచ్చినప్పటి నష్టం ఒప్పుకుంటాను. కానీ మీ లెక్కంతా అతని బలం 2200 దగ్గరే నిలిచి ఉందనే ఊహ మీద నడుస్తోంది. మూడు నెలలు ముట్టుకోని ఆటలో చేయి మొద్దుబారదా? కోయకపోతే అతను 2000 బలంతో 2200 వాళ్ళ మధ్య కూర్చుంటాడు. అదీ తప్పు అంకే.

#4 రాత్రిక్యూ

ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. అసలు పైవాళ్ళు ఆడటం ఎందుకు మానేస్తున్నారు? అందరూ అంకెను దాచుకోవాలనే ఆశతో మానేయడం లేదు.

పైన జనం తక్కువ. 2400 వాళ్ళు రద్దీ లేని వేళల్లో క్యూ పెడితే, అంటే ప్రత్యర్థి కోసం వేచి ఉంటే, సాటివాళ్ళు దొరకరు. సెకన్లు గడిచేకొద్దీ సిస్టమ్ వెతికే పరిధిని పెంచుతూ పోయి చివరికి 2000 వాళ్ళతో కలుపుతుంది. తేడా 400, అంచనా 0.91. కె 32 మీద గెలిస్తే వచ్చేది 2.9, ఓడితే పోయేది 29.1. ఒక్క ఓటమిని పూడ్చడానికి పది గెలుపులు కావాలి. సగటు మీద ఇది న్యాయమైన బేరమే, సూత్రంలో తప్పు లేదు. కానీ నెట్ ఒక్కసారి తెగినా, జట్టు ఆటలో ఒక్కడు మధ్యలో వెళ్ళిపోయినా ఆ 29 పోతాయి. ఆ ప్రమాదాన్ని సూత్రం బలాల తేడాలో భాగంగా చూడదు.

ముందు వెతుకులాట పరిధికి 250 లాంటి గట్టి హద్దు పెట్టండి, క్యూ ఎంత పొడవైనా సరే. లేదా హద్దు దాటి కలిపిన మ్యాచ్‌కు కె తగ్గించండి. ఆడటానికి కారణం కల్పించకుండా ఆడనందుకు శిక్ష వేస్తే, జనం సరిగ్గా శిక్ష తప్పేటన్ని ఆటలే ఆడతారు.

#5 సగటులెక్క

పైమెట్టు గారి ఆక్షేపణ సరైనదే. మూడు నెలల తర్వాత అతని బలం మనకు తెలియదు. తెలియనప్పుడు "తెలియదు" అని రాసుకోవాలి, "తగ్గింది" అని రాయకూడదు. గణాంక నిపుణుడు మార్క్ గ్లిక్‌మన్ రూపొందించిన గ్లికో రేటింగ్ పద్ధతి చేసేది అదే. ప్రతి ఆటగాడికి రెండు అంకెలుంటాయి: రేటింగ్, దాని మీద అనిశ్చితి, అంటే ఆర్‌డీ. కొత్తవాళ్ళ ఆర్‌డీ 350. ఆడేకొద్దీ తగ్గుతుంది, ఆడకపోతే పెరుగుతుంది. రేటింగ్ మాత్రం కదలదు.

పెరిగే తీరు: ఆర్‌డీ వర్గానికి, ఒక్కో పీరియడ్‌కు (రేటింగ్ లెక్కకట్టే వ్యవధికి) సి వర్గం చొప్పున కలిపి వర్గమూలం తీయాలి; సి అంటే అనిశ్చితి ఎంత వేగంగా పెరగాలో మనం ఎంచుకునే స్థిరాంకం. 50 ఉన్నవాడు 100 పీరియడ్లు ఆడకపోతే మళ్ళీ 350కి చేరాలి అనుకుంటే సి 34.6 వస్తుంది. వారాన్ని పీరియడ్‌గా తీసుకుంటే రెండు వారాలకు ఆర్‌డీ 70, మూడుకు 78, పదికి 120. అంటే 2400 ఆటగాడి నిజ బలం మొదట 2300–2500 మధ్య ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పగలిగినవాళ్ళం, పది వారాలకు 2160–2640 అని మాత్రమే చెప్పగలం.

ఇప్పుడు లీడర్‌బోర్డుకు ఆర్‌డీ హద్దు పెట్టండి. ఆన్‌లైన్ చదరంగం సైట్ లీచెస్‌లో ఉన్నది ఇదే: మామూలు చదరంగంలో ఆర్‌డీ 75 కంటే తక్కువ ఉండాలి, వేరియంట్లలో (నియమాలు మార్చిన చదరంగాల్లో) 65 కంటే తక్కువ, గత వారంలో కనీసం ఒక రేటెడ్ ఆట ఆడి ఉండాలి. లేకపోతే పట్టికలో పేరు ఉండదు, రేటింగ్ చెక్కుచెదరదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే కూడా ఏడాదిపాటు రేటెడ్ ఆట ఆడనివాళ్ళను ఇనాక్టివ్‌గా గుర్తిస్తుందే తప్ప పాయింట్లు కోయదు.

తిరిగొచ్చినవాడి ఆర్‌డీ ఎక్కువ కాబట్టి అతని అంకె పెద్ద అంగలతో కదులుతుంది. ఎదుటివాడి అంకె తక్కువ కదులుతుంది, ఎందుకంటే అనిశ్చితంగా ఉన్నవాడి చేతిలో ఓటమికి గ్లికో తక్కువ బరువు ఇస్తుంది. నేను #2లో చెప్పిన నష్టం దీంతో చాలావరకు తగ్గుతుంది.

#6 నియమావళి

అంగలు పెద్దవైతే వాటిని వాడుకునేవాళ్ళూ పుడతారు. మామూలు గ్లికోలో కావాలని ఆగి, ఆర్‌డీ పెరిగాక నాలుగు ఆటలు గెలిచి, అక్కడితో ఆపేయడం ఒకటి. పట్టికకు ఆర్‌డీ హద్దు పెడితే ఇది సాగదు, ఒప్పుకుంటాను.

గ్లికో తర్వాతి రూపం గ్లికో-2లో మరొక చిక్కుంది. అక్కడ మూడో అంకె వోలటిలిటీ (ఆటగాడి బలం ఎంత నిలకడ లేకుండా మారుతోందో చెప్పేది), సాధారణంగా 0.06తో మొదలవుతుంది. ఫలితాలు అంచనాకు దూరంగా, అస్తవ్యస్తంగా ఉంటే అది పెరుగుతుంది, దాంతో ఆర్‌డీ కూడా పెరుగుతుంది. కావాలని వరుసగా ఓడి, వరుసగా గెలిచి, దాన్ని ఉబ్బించి, చివర్లో నిజాయితీగా ఆడితే ఒక్కో గెలుపుకూ మామూలు కన్నా చాలా ఎక్కువ వస్తుంది. వోలటిలిటీ మార్పును అదుపు చేసే తావ్ స్థిరాంకాన్ని 0.3 దగ్గర పెడితే వోలటిలిటీ నెమ్మదిగా కదులుతుంది. 1.2 దగ్గర పెడితే తలుపు తీసిపెట్టినట్టే.

రోజుల లెక్కన పెట్టే కోతలో మోసం ఇంకా తేలిక. జనం లేని వేళ ఇద్దరు స్నేహితులు ఒకే క్షణంలో క్యూ పెడతారు, ఒక ఆట అటు, ఒక ఆట ఇటు, గడువు మళ్ళీ మొదలు. అదే జోడీ ఒకే రోజు మూడోసారి తలపడితే ఆ మ్యాచ్‌ను లెక్కలోంచి తీసేయాలి.

#7 రాత్రిక్యూ

సీజన్ రీసెట్ (కొత్త సీజన్ మొదట్లో రేటింగ్‌లను వెనక్కి లాగడం) కూడా కోత లాంటిదే, అందరికీ ఒకేసారి పడుతుంది. అందరినీ 1500 వైపు సగం దూరం లాగితే 2300 వాళ్ళు 1900, 1700 వాళ్ళు 1600 అవుతారు. 600 తేడా 300గా కనిపిస్తుంది. నిజ అంచనా 0.97, వ్యవస్థ అనుకునేది 0.85. మొదటి వారాల్లో బలవంతులకు ఒక్కో ఆటకు దాదాపు 4 పాయింట్లు ఉచితం. అందుకే మొదటి రోజు నుంచే ఆడినవాళ్ళు ముందుంటారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ఆ పంట దొరకదు. కనిపించే పాయింట్లు రీసెట్ చేసి, మ్యాచ్‌లు కలిపే లోపలి ఎమ్‌ఎమ్‌ఆర్‌ను (మ్యాచ్‌మేకింగ్ రేటింగ్‌ను) ముట్టుకోకపోతే ఈ బాధ లేదు.

#8 పైమెట్టు

రేటింగ్ కోత అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పట్టికలోంచి పేరు తీయడం చాలు. కానీ లీచెస్‌లా వారానికి ఒక్క ఆట అన్నది చాలదు. సగటులెక్క గారూ, ఆర్‌డీ 75 హద్దు ఒక్కటే ఉంటే వారానికి ఎన్ని ఆటలు ఆడాలి?

#9 సగటులెక్క

సాటివాళ్ళతో, ఎదుటివాళ్ళ ఆర్‌డీ 50 చొప్పున లెక్కవేశాను. సి 34.6 అయితే ఎప్పుడూ 75 దాటకుండా ఉండాలంటే వారానికి 6 ఆటలు. మూడు వారాలు మానేసినవాడు 2 ఆటలతో పట్టికలోకి తిరిగొస్తాడు, పది వారాలు మానేసినవాడికి 14 పడతాయి.

సి 25కు తగ్గిస్తే వారానికి 3 ఆటలు చాలు, కానీ 50 ఆర్‌డీ ఉన్నవాడు అసలు ఆడకుండానే ఐదో వారం దాకా పట్టికలో ఉంటాడు. ఒక్కో ఆట అరగంట పట్టే ఆటలకు నేను 25 పెడతాను.

#10 పైమెట్టు

ఐదు వారాలంటే చాలా సీజన్లలో సగం. 34.6 దగ్గరే ఉంచాలి.