సమస్య: "దొంగిలించువాడె దొడ్డవాడు"

పృచ్ఛకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. నియమం ఒక్కటే: పూరణలో యూదుల పస్కా రాత్రి ఉండాలి, తోబుట్టువుల తగవుండాలి. తెలియనివారికి రెండు ముక్కలు. యూదులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి బయటపడ్డ రాత్రిని తలుచుకునే విందు ఇది. బల్ల మీద మూడు పులియని రొట్టెలు పెడతారు. నడిమిదాన్ని విరిచి, పెద్ద ముక్కను 'అఫికోమన్' అని తీసి ఉంచుతారు. చివర్లో అది తింటేగాని విందు ముగియదు. అందుకని అది ఎవరి చేతికి చిక్కితే ఆ పిల్లలదే బేరం. సైకిలే అడుగుతారో, బొమ్మే అడుగుతారో!

గట్టుమీద:
పస్క రాత్రి తండ్రి పదిలముగా దాచు
రొట్టెముక్క వెదక పట్టుబట్టి
అన్నదమ్ములిద్ద రల్లరి సేయగా
దొంగిలించువాడె దొడ్డవాడు.

పృచ్ఛకుడు:
ధార బాగుంది. రెండో పాదంలో ప్రాసయతి చక్కగా కుదిరింది. "పట్టుబట్టి" తర్వాత యడాగమం రావాలి. "యన్నదమ్ము" అనండి, యతికి ఢోకా లేదు. పస్కాను "పస్క" చేశారు, చూసీచూడనట్టు వదిలేస్తున్నా. అసలు పేచీ వేరే. తండ్రి దాస్తే పిల్లలు వెదకడం ఒక ఆచారం. పిల్లలే ఎత్తుకుపోయి దాచేయడం ఇంకో ఆచారం. మీరు రెండూ కలిపేశారు.

గట్టుమీద:
యడాగమం ఒప్పుకున్నాను. పేచీ ఒప్పుకోను. దాచింది తండ్రి, కనిపెట్టింది అన్న, వాడి చేతిలోంచి లాగేసింది తమ్ముడు. పైగా పిల్లలు నిద్రపోకుండా పస్కా రాత్రి రొట్టెలు లాక్కుంటారని యూదుల ధర్మగ్రంథం తల్మూదులోనే ఉంది. దొంగతనానికి ఇంతకన్నా ప్రమాణం కావాలా?

చిట్టిబలపం:
నేను ఇంటికి పెద్దపిల్లని. సమస్యలో "వాడె" చూడగానే ఒళ్లు మండింది. మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

అక్క వెదకి తేగ నది లాగె తమ్ముడు
తాత కానుక నొసగె దమ్మునకును
వెక్కి యేడ్చె పిల్ల వింటిరే యీ వింత
దొంగిలించువాడె దొడ్డవాడు!

పృచ్ఛకుడు:
రెండో పాదంలో గణభంగం. "కానుక"లో ఒక లఘువు ఎక్కువైంది. "తాత కాన్క నొసగె దమ్మునకును" అంటే ఐదు సూర్యగణాలూ సరిపోతాయి. మిగతాదంతా నిర్దుష్టం. సమస్యాపాదాన్ని ఎత్తిపొడుపుగా తిప్పేశారు చూడండి, ఈ వారం నాకు నచ్చిన విరుపు అదే. ఆ రాత్రి నాలుగు ప్రశ్నలు అడిగే ముచ్చటా కడగొట్టు బిడ్డదే. తమ్ముడికి అదీ దక్కి, కానుకా దక్కితే పెద్దపిల్ల ఏడవక ఏం చేస్తుంది?

మీగడతరక:
అన్న దీవెనలను హరియించె యాకోబు
తండ్రి చూపు మసక దాల్చు వేళ
మేకతోలు గప్పి మెడకును చేతికి
దొంగిలించువాడె దొడ్డవాడు.

గట్టుమీద:
పద్యం నున్నగా ఉంది, పస్కా ఏదండీ? పస్కా, యూదులను ఐగుప్తు నుంచి నడిపించిన మోషే నాటిది. యాకోబు అంతకు ఎన్ని తరాల ముందువాడు!

మీగడతరక:
ఆ మాట అంటారనే కాచుక్కూర్చున్నా. యాకోబు తండ్రి ఇస్సాకుకు భోజనం వండడానికి తల్లి రిబ్కా రెండు మేకపిల్లలు తెమ్మంటుంది. ఒక్క ముసలాయనకు రెండెందుకు? 11వ శతాబ్దపు ఫ్రాన్సు వ్యాఖ్యాత రాషి జవాబు: ఒకటి పస్కా బలికి, ఒకటి వంటకు. అంటే అన్న ఏశావు దీవెన పోగొట్టుకున్నది ఆ రాత్రే. కాలం లెక్కలు వ్యాఖ్యాతలకు అడ్డురావు, మన పురాణ వ్యాఖ్యల్లో చూడటం లేదూ?

పృచ్ఛకుడు:
ఓడాను. ఒంటినిండా రోమాలున్న అన్నలా తోచడానికి తోలు మెడకు, చేతులకే కప్పడం కూడా బైబిలు ఆదికాండం ప్రకారం సరిగ్గా ఉంది. ఒళ్లంతా కప్పేసి రాసేవాళ్లను చాలామందిని చూశాను.

కాలవగట్టు:
పద్యం రాలేదు, ఒక మాట. మా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో పస్కా చేసుకునే తెలుగువాళ్లున్నారు. తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు, ఎఫ్రాయిము సంతతి అని. ఆ ఎఫ్రాయిమూ తమ్ముడే! ఇదే యాకోబు ముసలితనంలో మనవలను దీవిస్తూ చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్నవాడి తల మీద పెట్టాడు. కొడుకు యోసేపు వద్దన్నా వినలేదు. పెద్దవాడు మనష్షే ఏమన్నాడో ఎవరూ రాయలేదు. పూరిద్దామంటే ఇందులో దొంగతనం దొరకడం లేదు.

పృచ్ఛకుడు:
తాతే చేతులారా ఇచ్చాక దొంగ ఎక్కడుంటాడు? వచ్చే వారం సమస్య దీని మీదే ఇస్తాను.

చిట్టిబలపం:
ఈసారి మాత్రం "వాడె" వద్దండీ.