12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కి 16 వోల్టుల కెపాసిటర్ చాలదా?

మంజీర_కుర్రాడు:
అన్నలూ, నాన్న కోసం చిన్న ఆంప్లిఫైయర్ కడుతున్నా. 12 వోల్టుల 2 ఆంపుల ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జి, 4700 మైక్రోఫారడ్ 16 వోల్టుల కెపాసిటర్. కెపాసిటర్ బిగించేముందు బ్రిడ్జి దగ్గర మీటరు పెడితే 11.3 చూపించింది, ఇంక 16 దండిగా సరిపోతుందనుకున్నా. షాపులోనూ అదే అన్నారు. సాయంత్రమంతా బాగానే పాడింది. రాత్రి పదకొండింటికి పాటలు ఆపి, ప్లగ్గు తీయకుండా పడుకోబోతుంటే టప్‌మని శబ్దం! పైన గీతలుండే చోట రేకు విచ్చుకుని లోపలి కాగితం బయటికొచ్చింది. గదంతా వాసన. ప్లస్ మైనస్ సరిగ్గానే ఇచ్చా.

పాత_కండెన్సర్:
తమ్ముడూ, మీటరు అబద్ధం చెప్పలేదు, నువ్వే తొందరపడ్డావు. కెపాసిటర్ లేనప్పుడు అది చూపేది సగటు. కెపాసిటర్ పెట్టాక పీక్ దాకా, అంటే ఏసీ అల శిఖరం దాకా నిండుతుంది. 12ని 1.414తో గుణిస్తే 17, బ్రిడ్జిలో డయోడ్లు ఒకటిన్నర దాకా తింటాయి. అది కూడా పూర్తి లోడ్ మీద, అంటే 2 ఆంపులూ లాగుతున్నప్పటి లెక్క. లోడ్ లేకపోతే ఇలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 13, 14 ఇస్తుంది. నువ్వు పాటలు ఆపింది అప్పుడే కదా. రాత్రిళ్లు మీ ఊళ్లో కరెంటు ఎంత వస్తుంది?

మంజీర_కుర్రాడు:
ఇప్పుడే చూశా. పొలాల మోటార్లు ఆగాక 248 వోల్టులు.

పాత_కండెన్సర్:
ఇంకేం! 230కి వచ్చే 14 కాస్తా 248కి 15 అయింది, పీక్ 21. డయోడ్లు పోను 20. పాపం, 16 వోల్టుల కండెన్సర్ సాయంత్రమంతా ఓర్చుకోవడమే ఎక్కువ.

గోదారి_సర్క్యూట్:
నాది ఇంకా ఘోరం. మూడు తీగల 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ కొని, మధ్య తీగ వదిలేసి చివరి రెండూ బ్రిడ్జికి ఇచ్చా. 24కి 25 చాలదా అన్న తెలివి నాది. పీక్ 34. రేకు ముక్క వచ్చి కళ్లజోడుకి తగిలింది. మధ్య తీగ గ్రౌండ్ చేసి ప్లస్ మైనస్ సప్లై తీసుంటే ఒక్కోవైపు 17, ఆ 25వే సరిపోయేవి. ఇప్పుడు 50 వేశా. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ముఖం మాత్రం దూరంగా పెడతా.

చార్మినార్_చిప్:
ఇన్ని లెక్కలెందుకు, అన్నిచోట్లా 63 వేస్తే పోలా? అవుట్‌పుట్ పెరుగుతుందని మా వీధి మెకానిక్ భయపెడతాడు.

పాత_కండెన్సర్:
బిందె ఎత్తు పెరిగితే బావిలో నీళ్లు పెరగవు. సైజూ రేటూ పెరుగుతాయి, అంతే. 20కి 25 నడుస్తుంది, చోటుంటే 35 వేస్తే నిశ్చింత. వేడిని లాగే హీట్‌సింక్ రేకు పక్కనైతే 105 డిగ్రీలది చూడండి. పది డిగ్రీలు చల్లగా ఉంటే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపు.

గోదారి_సర్క్యూట్:
ఎస్ఎంపీఎస్‌లోనూ (కంప్యూటర్లలో ఉండే స్విచ్చింగ్ పవర్ సప్లై) ఇదే గొడవ. 230కి పీక్ 325, కరెంటు 270కి ఎగిరితే 382. 400ది ఉన్నచోట నేను 450 వేస్తా.

మంజీర_కుర్రాడు:
నిన్న కోఠి గుజరాతీ గల్లీలో 35 వోల్టులది తెచ్చా. లావు ఎక్కువ, కాళ్లు బోర్డు రంధ్రాల్లోకి రాలేదు. పడుకోబెట్టి గ్లూ పెట్టా. రాత్రి లోడ్ లేకుండా 20.3, చేత్తో తాకితే చల్లగానే ఉంది. కానీ ప్లగ్గు తీసి నిమిషం గడిచినా ఇంకా 14 చూపిస్తోందేంటి?

పాత_కండెన్సర్:
ఖాళీ అయ్యే దారి లేదు, అందుకని. రెండు కాళ్ల మధ్య 2.2 కిలో ఓమ్ అర వాట్ రెసిస్టర్ పెట్టు. నిమిషంలోపే దిగిపోతుంది.