హెల్త్ సెంటర్ నుంచి మంప్స్ మెయిల్ వచ్చింది, టీకా కార్డు లేదు – ఏం చేయాలి? (డాలస్ ఏరియా)

కొత్తగా వచ్చిన విద్యార్థి, డాలస్ పరిసరాలు:

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను, మాది నరసరావుపేట. యూనివర్సిటీ పేరు ఇక్కడ రాయట్లేదు, ఏమీ అనుకోవద్దు. టూ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం ఉంటున్నాం.

నిన్న హెల్త్ సెంటర్ నుంచి మెయిల్ వచ్చింది. మా ల్యాబ్ సెక్షన్‌లో ఒకరికి మంప్స్, అంటే మన గవదబిళ్ళలు అట. దగ్గరగా మెలిగినవాళ్ళ లిస్టులో నా పేరు ఉంది. రెండు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) డోసులు పడ్డట్టు రుజువు అప్‌లోడ్ చేయాలి, లేకపోతే వాళ్ళు చెప్పేదాకా క్యాంపస్‌కి రావద్దన్నారు. అమ్మని అడిగితే "చిన్నప్పుడు అన్నీ వేయించాం రా" అంటోంది. కార్డు మాత్రం ఇల్లు మారినప్పుడు పోయింది. వచ్చే వారం మిడ్‌టర్మ్ ఉంది.

ఇంకో సంగతి. మా రూమ్మేట్ ఒకడికి నిన్నటి నుంచి చెవి కింద నొప్పి, నమలలేకపోతున్నాడు. "ఎవరికీ చెప్పకు, వీసాకి ప్రాబ్లం అవుతుంది" అంటున్నాడు. ఏం చేయాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

సీనియర్, ఆర్లింగ్టన్:

తమ్ముడూ, టెన్షన్ పడకు. మీవాణ్ణి నాలుగు రోజులు గదిలో పడుకోమను, డోలో వేసుకుంటే తగ్గిపోతుంది. హెల్త్ సెంటర్ రికార్డులో ఒకసారి పేరు ఎక్కిందంటే ఇక మెయిళ్ళే మెయిళ్ళు. మన ఊళ్ళల్లో అందరికీ వచ్చి పోయినవే కదా, దవడకి ఏదో పట్టు వేసి పడుకోబెట్టేవాళ్ళు. నీ టీకా కాగితం మాత్రం ఇంటి దగ్గర డాక్టరు ఎవరైనా తెలిసుంటే పాత తారీఖులతో రాయించుకో. పని అయిపోతుంది.

నర్సు, ఇర్వింగ్:

పై తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు కానీ, ఆ మాటలు దయచేసి ఎవరూ వినకండి. నేను ఇక్కడ నర్సుగా పని చేస్తున్నాను. మీ కేసులో చివరి మాట మీ హెల్త్ సెంటర్‌దే, నాకు తెలిసింది నేను చెప్తాను.

ముందు వీసా సంగతి, ఎందుకంటే మనవాళ్ళు దాచిపెట్టేది ఆ భయంతోనే. మంప్స్ అని తేలితే హెల్త్ సెంటర్ ఆ సంగతి పబ్లిక్ హెల్త్ వాళ్ళకి చెప్పాలి. అది టెక్సస్ రూలు, ఇక్కడ పుట్టిన పిల్లాడికి వచ్చినా అంతే. ఆ రిపోర్టుకీ ఇమిగ్రేషన్‌కీ సంబంధం లేదు. ఫోన్ చేసి అడిగేది కూడా ఎప్పుడు వాచింది, ఎవరి పక్కన కూర్చున్నావు, ఎవరితో ఉంటున్నావు, ఇవే. జబ్బు పడినందుకు ఎఫ్-1, అంటే మీ స్టూడెంట్ వీసా, పోదు. దొంగ తారీఖులతో కాగితం ఇచ్చి దొరికితే మాత్రం అది క్రమశిక్షణ కేసు, అప్పుడు నిజంగానే చదువు మీదికి వస్తుంది. లేని ప్రాబ్లం నుంచి తప్పించుకోబోయి ఉన్న ప్రాబ్లంలో పడతారు.

ఇప్పుడు మీ రూమ్మేట్. చెవి కింద నొప్పి వచ్చిన ప్రతివాడికీ గవదబిళ్ళలే అని లేదు. జ్ఞానదంతం కావచ్చు, లాలాజల గ్రంథిలో రాయి కావచ్చు, వేరే వైరస్ కావచ్చు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అదీ పెద్ద కష్టమేమీ కాదు. చెవి ముందు, దవడ మీద ఉన్న గ్రంథిని అర నిమిషం పాటు వేళ్ళతో నొక్కి రుద్దుతారు, లోపల చెంప పక్కన పుల్లతో తుడిచి ల్యాబ్‌కి పంపిస్తారు. వాపు మొదలైన మొదటి మూడు రోజుల్లో తీస్తే వైరస్ దొరికే అవకాశం ఎక్కువ, అందుకే ఇవాళే వెళ్ళమను. కాకపోతే నేరుగా వెళ్ళి వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవద్దు. ముందు ఫోన్ చేసి "మంప్స్ కాంటాక్ట్ ఉన్న ఇంట్లో ఉంటున్నాను, దవడ వాస్తోంది" అని చెప్పి, మాస్కు పెట్టుకుని, వాళ్ళు రమ్మన్న తలుపు నుంచి లోపలికి వెళ్ళాలి.

ఒక లెక్క చెప్తాను, నువ్వు అనవసరంగా గిల్టీగా ఫీలవకుండా. ఈ జబ్బు ఒంట్లో చేరాక బయటపడటానికి మామూలుగా 16 నుంచి 18 రోజులు పడుతుంది, తక్కువలో తక్కువ 12, ఎక్కువలో ఎక్కువ 25. కాబట్టి మీ ల్యాబ్‌లో నీకు అంటుకుని, నీ నుంచి అతనికి వచ్చి, అప్పుడే వాపు వరకూ రావడం కుదిరే పని కాదు. అతనికి మంప్సే అయితే వేరే చోట తగులుకుని ఉంటుంది. ఆ చోటు ఏదో హెల్త్ సెంటర్‌కి తెలియాలి. అతను నోరు మూసుకుంటే అక్కడ ఇంకో పదిమందికి అంటుకుంటుంది.

వాపు మొదలైన రోజు నుంచి అయిదు రోజులు విడిగా ఉండాలి. వాపుకి రెండు రోజుల ముందు నుంచే ఇంకొకరికి అంటుతుంది కాబట్టి మీ నలుగురికీ ఇప్పటికే కొంత తగిలే ఉంటుంది. అలాగని వదిలేయొద్దు. అతనికి ఒక గది ఇచ్చేయండి, మిగతా నలుగురూ ఇరుక్కోండి. ఇది తుంపర్లతో, ఎంగిలితో పాకే జబ్బు. మన అమ్మమ్మలు చెంబు పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకునేవాళ్ళు, ఇక్కడికొచ్చాక మనం ఒకే గేటరేడ్ సీసా క్రికెట్ టీమంతా తిప్పుతాం. బిర్యానీ ఒకే ట్రేలో నలుగురు చెంచాలు ముంచడం, "రుచి చూడరా" అని సగం తిన్న బర్గర్ అందించడం, ఒకే వేప్ లాగడం, ఇవన్నీ కొన్నాళ్ళు ఆపేయండి. అతని కంచం, గ్లాసు, టవల్ విడిగా పెట్టండి. సబ్బుతో మామూలుగా తోమితే సరిపోతుంది, పారేయక్కర్లేదు.

మగపిల్లలు సిగ్గుపడి చెప్పని విషయం ఒకటుంది. పెద్దయ్యాక మంప్స్ వస్తే కొందరికి వృషణాలు వాస్తాయి. పిల్లలు పుట్టకుండా పోవడం చాలా అరుదు, భయపడొద్దు, కానీ నొప్పి వస్తే దాచకండి. విపరీతమైన తలనొప్పితో మెడ బిగుసుకున్నా, ఒక చెవి వినపడకపోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

మందుల దగ్గర ఒక్క మాట. డోలో 650లో ఉండే పారాసెటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. టైలెనాల్ అదే. ఇక్కడి జలుబు మందులు డేక్విల్, నైక్విల్‌లో కూడా అది ఉంటుంది, నైక్విల్ ఒక్క మోతాదులోనే 650 మిల్లీగ్రాములు. ఇంటి నుంచి తెచ్చిన డోలో వేసుకుని, పైన రూమ్మేట్ ఇచ్చిన డేక్విల్, రాత్రికి నైక్విల్ తాగితే రోజుకి 4,000 మిల్లీగ్రాముల గీత తెలియకుండానే దాటేస్తారు. లివర్ దెబ్బతింటుంది. సూట్‌కేసులో ఉన్న అజిత్రోమైసిన్ కూడా తీయకండి, అది యాంటీబయాటిక్, వైరస్ మీద అది పని చేయదు.

ఇక నీ టీకాల గొడవ. అమ్మ అబద్ధం చెప్పట్లేదు, కానీ ఆవిడ చెప్పే "అన్నీ" ఇక్కడి లెక్కకి సరిపోవు. ప్రభుత్వం తరఫున మన దగ్గర తొమ్మిదో నెలలో వేసింది తట్టు టీకా. 2017 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ బడుల్లో అందరినీ వరసలో నిలబెట్టి వేసింది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లా. రెంటిలోనూ గవదబిళ్ళల భాగం లేదు. ప్రైవేటు పిల్లల డాక్టర్ దగ్గర ఎంఎంఆర్ వేయించుకుని ఉంటేనే అది ఉంటుంది. పైగా ఏడాది నిండకముందు వేసిన డోసు ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. అందుకే మన పిల్లల్లో బోలెడంతమంది "నాకు పడింది" అనుకుంటూనే పడనివాళ్ళుగా తేలుతారు.

కాబట్టి కార్డు కోసం నరసరావుపేటలో అటకలు వెతికించకు. దారులు రెండున్నాయి. రక్తం ఇచ్చి యాంటీబాడీ పరీక్ష చేయించుకోవచ్చు, ఇక్కడ టైటర్ అంటారు. తినే వెళ్ళొచ్చు. కొన్ని చోట్ల వ్యాప్తి ఉన్నప్పుడు మంప్స్‌కి దాన్ని ఒప్పుకోరు కాబట్టి ముందే అడుగు. రెండోది, నేనైతే చెప్పేది: నేరుగా ఎంఎంఆర్ వేయించుకో. ఇంతకుముందు పడి ఉన్నా ఇంకో డోసుతో నష్టం లేదు. వేయించుకున్న కాగితం చూపిస్తే మామూలుగా క్లాసుకి రానిస్తారు. ఏమీ వేయించుకోకపోతే, ఆ వ్యాప్తిలో ఆఖరి రోగికి వాపు వచ్చిన రోజు నుంచి 26 రోజులు బయట ఉంచడం పద్ధతి. కొత్త కేసు వచ్చినప్పుడల్లా ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది, సెమిస్టర్ చేతులు దాటిపోతుంది.

టీబీ పరీక్ష బాకీ ఉంటే టీకా వేసే రోజే రక్తం ఇచ్చేయ్. లేదంటే ఎంఎంఆర్ తర్వాత నాలుగు వారాలు ఆగాల్సి వస్తుంది. ఇంకోటి, మీ ఇంట్లో కాదుగానీ ఇది చదివే దంపతుల కోసం: గర్భంతో ఉన్నవాళ్ళకి ఎంఎంఆర్ వేయరు.

పీహెచ్‌డీ, రిచర్డ్‌సన్:

అక్క జబ్బు సంగతి చెప్పేశారు, నేను క్లాసుల సంగతి చెప్తాను.

ప్రొఫెసర్‌కి పరీక్ష అయిపోయాక కాదు, ఇవాళే మెయిల్ పెట్టు. హెల్త్ సెంటర్ రావద్దంది, వాళ్ళ మెయిల్ జతచేశాను, మిడ్‌టర్మ్‌కి ఏం చేయమంటారు అని నాలుగు వాక్యాలు చాలు. జబ్బు వివరాలు, ఫోటోలు పంపక్కర్లేదు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకి కూడా రాస్తే చాలాచోట్ల వాళ్ళే ప్రొఫెసర్లందరికీ ఒకేసారి తెలియజేస్తారు. "సర్‌ని ఇబ్బంది పెట్టడం ఎందుకు" అనే మొహమాటం మన దగ్గర మర్యాద. ఇక్కడ చెప్పకుండా మానేస్తే నిర్లక్ష్యం కింద జమ కడతారు.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ఎంత ఒంట్లో బాగాలేకపోయినా ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్ఓతో (విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మాట్లాడకుండా ఒక్క కోర్సు కూడా డ్రాప్ చేయొద్దు. డాక్టర్ లెటర్ ఉంటే మెడికల్ కారణంగా తక్కువ క్రెడిట్లకి అనుమతి దొరుకుతుంది, ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలల వరకు. కానీ అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. తిరగేస్తే వీసా స్టేటస్ పోతుంది. మీ రూమ్మేట్ భయపడాల్సిన వీసా సమస్య ఏదైనా ఉంటే ఇదొక్కటే.

డైనింగ్ హాల్లో పార్ట్‌టైమ్ చేస్తుంటే మేనేజర్‌కి కూడా చెప్పండి. షిఫ్టు డబ్బులు పోతాయి, నిజమే.  

విద్యార్థిని, డెంటన్:

ఆ ల్యాబ్ అబ్బాయి ఎవరో మా వాట్సాప్ గ్రూపులో అప్పుడే ఊహించి పేరు పెట్టేశారు. హెల్త్ సెంటర్ కావాలనే పేరు బయటపెట్టదు. దయచేసి ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేయకండి. పోయిన ఏడాది ఒకమ్మాయికి టీబీ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చిందని తెలిసి రూమ్మేట్స్ లీజు మధ్యలో వెళ్ళిపొమ్మన్నారు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది, తనది లోపల నిద్రపోతున్న రకం, ఎవరికీ అంటదు. ఆ మాట వినే ఓపిక ఒక్కరికీ లేకపోయింది.

అన్నట్టు తమ్ముడూ, మీ అయిదుగురికీ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళే పని ఉంటే లిస్టు పంపు. తెచ్చి గుమ్మం దగ్గర పెడతాను. వాడికి నమలడం కష్టం కాబట్టి పెరుగన్నం, రాగిజావ పెట్టండి. నిమ్మకాయ, ఊరగాయ వద్దు. పులుపు తగిలితే దవడ జివ్వుమంటుంది.

కొత్తగా వచ్చిన విద్యార్థి:

అందరికీ చాలా థాంక్స్. నిన్నే ఫోన్ చేశాం. వాణ్ణి పక్క తలుపు నుంచి పిలిచి స్వాబ్ తీశారు, రిజల్ట్ ఇంకా రాలేదు. వీసా గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను టీబీ రక్తం ఇచ్చి, ఎంఎంఆర్ వేయించుకున్నాను, సోమవారం నుంచి క్లాసుకి రావచ్చన్నారు. ప్రొఫెసర్ మేకప్ ఎగ్జామ్, అంటే తర్వాత విడిగా పరీక్ష, ఇస్తానన్నారు.

అక్కా, శనివారం ఫ్రిస్కో హనుమాన్ గుడికి అందరం కార్‌పూల్‌లో వెళ్ళాలనుకున్నాం. టీకా అయింది కదా, వెళ్ళొచ్చా?

నర్సు, ఇర్వింగ్:

సంతోషం నాన్నా. నిన్న వేసిన టీకా ముందు ముందు కాపాడుతుంది కానీ, ఇప్పటికే ఒంట్లోకి చేరినదాన్ని ఆపదు. గుడి ఎక్కడికీ పోదు, రూమ్మేట్ రిజల్ట్ వచ్చేదాకా ఇరుకు కారులో అయిదుగురు వద్దు. అతనికి పాజిటివ్ వస్తే అతనితో మెలిగిన ఆఖరి రోజు నుంచి 25 రోజులు మీ నలుగురూ దవడలు చూసుకుంటూ ఉండాలి. ఏ మాత్రం నొప్పి తగిలినా క్లాసు మానేసి ఫోన్ చేయండి.

రెండో డోసు 28 రోజులు నిండాకే. సీవీఎస్‌లోనో వాల్‌గ్రీన్స్‌లోనో, అంటే బయటి మందుల షాపుల్లో, వేయించుకుంటే ఆ కాగితం పోర్టల్‌లో నువ్వే ఎక్కించు, వాళ్ళు పంపుతారని కూర్చోవద్దు. ఇంటి నుంచి పాత కార్డు ఎప్పుడైనా దొరికి పంపిస్తే తారీఖులో నెల అక్షరాల్లో ఉండేలా చూడు. 05/08 అని ఉంటే మనకి ఆగస్టు, ఇక్కడ మే.